అక్క చుట్టల అల్మారా

మా అక్క చుట్ట కాలుస్తుంది. ఈ వాక్యం రాయడానికి నాకు ఇప్పటికీ సంకోచమే. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పిల్లల చేత పొగాకు ముట్టబోమని ప్రమాణం చేయించినవాణ్ని నేను. కాని అమ్మ పోయిన తరువాత కూలికి వెళ్లి నన్ను చదివించిన మనిషి ఆమె. కందిచేలో కలుపు తీసే రోజుల్లో పట్టుకున్న అలవాటును ఈ వయసులో మాన్పించే అధికారం నాకు లేదు. మాన్పించలేనప్పుడు, దానికి కనీసం ఒక క్రమం ఏర్పరచాలనుకున్నాను.

ఆమె చుట్టలు ఇల్లంతా దొర్లుతుండేవి. దిండు కింద, బియ్యం డబ్బా మూత మీద, నడుముకు దోపుకునే గుడ్డసంచిలో. నారాయణఖేడ్ ఎండలకు పొడిపొడిగా రాలేవి. వానాకాలం బూజు పట్టేవి. వాటికోసమే ఒక చెక్క అల్మారా చేయించాలని నిశ్చయించి, పదకొండు నిబంధనలు కాగితం మీద రాసి వడ్రంగికి ఇచ్చాను. మా పాత టేకు ద్వారబంధాన్ని కోసి వాడాలి. నాలుగు అరలు ఉండాలి. అరకు పది చుట్టలు పట్టాలి, ఒకటి మరొకదానికి తగలరాదు. తలుపు గాలి చొరకుండా మూసుకోవాలి. చుట్టలు ఎండిపోకుండా అడుగున తడి ఇసుక గిన్నెకు చోటు వదలాలి. ఏడవది, లోపలికి ఏ పురుగూ చేరరాదు.

వడ్రంగి ఒకప్పుడు నా విద్యార్థి. పని జరుగుతుండగా రెండుసార్లు ఏదో అడగబోయాడు. “కాగితంలో ఉంది, చదువుకో” అన్నాను.

అల్మారా చక్కగా కుదిరింది. నలభై చుట్టలూ నేనే సర్దాను. అక్క తలుపు తెరిచి, ముక్కు చిట్లించి, నా ముఖం వైపు చూసి, “మస్తుగుంది తమ్మీ” అన్నది. ఆ ముక్కు చిట్లింపును నేను పట్టించుకోలేదు. కొన్నేళ్ల కిందట ఊరంతటినీ చుట్టబెట్టిన జ్వరం నా ముక్కుకు వాసన తెలియకుండా చేసి పోయింది. అల్మారా వచ్చిన నాటినుంచి ఆమె పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వరుస తప్పకుండా తీసుకుంటున్నది. అరలో ఖాళీలు సక్రమంగా పెరుగుతుంటే నాకు తృప్తిగా ఉండేది.

మూడవనాటి సాయంత్రం ఆమె గోడ పట్టుకుని కూర్చున్నది. తల తిరుగుతున్నదన్నది. ఎండ దెబ్బ అని చెప్పి మజ్జిగ ఇచ్చాను, తాగలేదు. మరునాడు ఉదయం వాడకట్టు ఆడవాళ్లతో ఆటోలో బోరంచ నల్లపోచమ్మ గుడికి బయలుదేరింది. పగలంతా అక్కడే కనుక, వెళ్తూ అల్మారాలోంచి నాలుగు చుట్టలు తీసి సంచిలో వేసుకున్నది.

ఆమె వెళ్లిన గంటకు వడ్రంగి ఇత్తడి పిడి బిగించడానికి వచ్చాడు. తలుపు తెరిచి, అక్కడే ఆగిపోయాడు.

“చుట్టలు అప్పుడే పెట్టిన్రా సార్?”

“మరి ఎప్పుడు పెట్టాలి?”

“పదిహేను దినాలన్న తలుపు తెరిచి ఆరబెడ్తరనుకున్న. లోపల మందు పూసిన గద.”

“ఏ మందు?”

“కందికి కొట్టేది సార్. ఇంట్ల మిగిలింది ఉండె, డీజిల్ల కలిపి రెండు సార్లు పూసిన. మీరే రాసిన్రు గద, ఏడో నంబరు. పురుగు చేరొద్దని.”

“డబ్బా మీద గుర్తు ఏ రంగు?”

“ఎర్రది సార్.”

ఎర్ర గుర్తంటే అన్నిటికన్నా ఘోరమైన విషమని బడిలో వాడికి నేర్పింది నేనే. మూడు రోజులు, ఆరు చుట్టలు. బిగుతుగా మూసిన పెట్టె, అందులో నేనే రోజూ తడిపిన ఇసుక. నిన్న గోడ పట్టుకున్న ఆమె చేయి. ఇప్పుడు సంచిలో మరో నాలుగు. అక్కకు ఫోను లేదు. ఆమె వెంట వెళ్లిన ఒకావిడకు మూడుసార్లు చేశాను, కలవలేదు.

వడ్రంగి బండి మీద బయలుదేరాం. దారి పొడుగునా డాక్టరుకు చెప్పవలసిన మాటలు వరుసగా పేర్చుకోబోయాను. రెండవ మాట దగ్గరే తప్పిపోయాయి. ఒకచోట రోడ్డు పక్కన ఆటో ఆగి ఉన్నది, చుట్టూ ఆడవాళ్లు వంగి చూస్తున్నారు. నేను వడ్రంగి భుజం పట్టుకున్నాను. “పంచర్ సార్, వేరేటోళ్లు” అన్నాడు. ఆ తరువాత కూడా భుజం వదలలేకపోయాను.

గుడి వెనక పొయ్యిలు మండుతున్నాయి. అక్క ఒక గోడకు చేరగిలబడి, తల పక్కకు వాల్చి, కళ్లు మూసుకుని ఉన్నది.

“అక్కా.”

పలకలేదు. చేయి పట్టుకుని ఊపాను.

“ఏందిరా?” కళ్లు తెరిచింది. “జర కన్నంటుకుంటె గూడ ఓర్వవా?”

“ఎన్ని కాల్చినవ్? అల్మారలయి ఎన్ని కాల్చినవ్ అక్కా?”

“ఒక్కటి గూడ కాల్వలే. తలుపు తియ్యంగనే కందిచేను మందు వాసన గుప్పుమన్నది. గవి కాలుస్తె బతుకుతనా? దినాం రెండు తీసి పెరట్ల పాతిపెడ్తున్న. ఇయ్యాల్టి నాలుగు గివి.” సంచిలోంచి కవర్లో చుట్టిన పొట్లం తీసి చూపింది. “నావి నాకు వేరే ఉన్నయి.”

“మరి తల తిరిగిందన్నవ్.”

“పోచమ్మకాడికి వస్తున్నమని ఒక్కపొద్దు ఉన్న, ఏం తినలే. చెప్తె నువ్వు వద్దంటవ్.”

“వాసన సంగతన్నా చెప్పవలసింది కదా.”

“నీకెవలు చెప్తరురా? అడిగితె కాగితం చూపెడ్తవ్.”

వడ్రంగి బండి తాళాలు చూసుకుంటున్నాడు. నవ్వాపుకుంటున్నాడో, సిగ్గుపడుతున్నాడో నాకు తెలియలేదు. ఎవరిలో ఏమున్నదో నాకు తెలుసునని అంతకాలం అనుకున్నాను.

ఆమె పక్కన నేల మీద కూలబడ్డాను.

“నాకు చెప్పనివి ఇంకేమన్న ఉన్నయా అక్కా?”

ఆమె తన సంచిలోంచి ఒక చుట్ట తీసి, కొన కొరికి, పొయ్యిలోని పుల్లతో ముట్టించుకున్నది. రెండు దమ్ములు లాగింది.

“ఉన్నయి” అంటూ వడ్రంగి వైపు చూసింది. “గా వడ్లాయనను పోయి నీళ్లు తాగి రమ్మను. నువ్వు కూసో.”