సైరన్ మోగని ఆదివారం

మా కాలనీ వెనక ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టిగుట్ట ఉంటది. దాని మీద సీతాఫలం చెట్లు ఎవరూ పెట్టకుండనే మొలిచినయి. కాయల కాలం వచ్చిందంటే చాలు, నేను, పక్క క్వార్టర్ అక్క బుట్టలు పట్టుకొని ఎక్కుతుంటిమి. అక్కడ గుడ్డెలుగులు తిరుగుతయని అందరికీ ఎరుకే. అయినా మాకు ఫికర్ లేదు. ఇన్నేండ్లల్ల ఒక్కటి గూడ మా కండ్లవడలే. "మనల్ని చూస్తె వాటికే దడ" అని అక్క నవ్వేది, నేను గూడ నమ్మిన.

మేం ఎక్కేదేమో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయినంక. ముందుగాల గని సైరన్, ఆ ఎంబడే ఇంటి గోడలు అదిరే చప్పుడు. ఆ చప్పుడుకే ఎలుగులు అడవిలకు ఉరుకుతున్నయన్న సంగతి మా బుర్రలకు తట్టనే లేదు. గుట్ట మాదే అనుకున్నం.

పోయినేడు ఓ ఆదివారం, అక్క చర్చికి పోయి వచ్చినంక బయలెల్లినం. ఆ రోజు బ్లాస్టింగ్ లేదు. మా ఆడోళ్లల్ల ఒక కట్టుబాటు ఉన్నది: చెట్టుకు ఎవరు ముందు గుడ్డపేలిక కడితే కాయలు వాళ్లయే. అక్క పేలిక కట్టిన చెట్టేమో విరగకాసింది. నాకు ఆశ ఆగలే. అక్క అటు దిక్కు తిరిగింది గదా అని మెల్లగ వంగి కొమ్మల్లకు చెయ్యి పెట్టిన.

అక్క నా జడ పట్టుకొని ఎనుకకు గుంజింది. ఎల్లకిల పడ్డ. "ఏందక్కా, పానం తీస్తవా!" అని మొత్తుకుంటుండంగనే, నా మొఖం ఉన్న జాగల ఒక నల్లటి పంజా సర్రున తిరిగింది. పొద వెనక తల్లి ఎలుగు, దాని వీపు మీద పిల్ల. మా అరుపులకు అది ఒక్కసారి గుర్రుమని, పిల్లతోటి గుట్ట అవతలికి దిగిపోయింది. మేం బుట్టలు ఆడనే ఇడిచి, చెప్పులు సుత మరిచి ఉరికినం.

ఇంటికొచ్చి అద్దం ముందట నిలవడ్డ. రెండు కండ్లు, ముక్కు, చెంపలు, అన్నీ ఉన్నయి. తడుముకుంట ఏడ్చిన. అక్క చేతులు గట్టిగ పట్టుకున్న.

"అక్కా, నీ కడుపు సల్లగుండ, నా మొఖం కాపాడినవ్. నీకు ఎలుగు ఎట్ల కనవడ్డది?"

అక్క చేతులు ఇడిపించుకొని కొంగుతోటి నా కండ్లు తుడిచింది.

"నాకేడ కనవడ్డది చెల్లే! నా చెట్టు కాయలు తెంపుతున్నవని కోపమొచ్చి గుంజిన."

దేవునికి దండం పెట్టాల్నో, అక్క కోపానికి పెట్టాల్నో ఇప్పటికీ తెల్వది. రోజూ పొద్దుగాల మొఖం కడుక్కునేటప్పుడు రెండిటికీ పెట్టుకుంట.