బానపొట్టకి పెట్టిన రొట్టెలు

మా చెల్లెలి మీద నాకు కుళ్ళు పుట్టింది కంప్యూటర్ ఆటలోని ఒక బుల్లి రాక్షసుడి వల్ల. నవ్వుకుంటే నవ్వుకోండి.

రాజమండ్రిలో మా పెదనాన్నగారింట్లో కంప్యూటర్ కొన్న వేసవి అది. పెదనాన్నగారబ్బాయి, మా అన్నయ్య, కత్తులూ మంత్రాలూ ఉన్న ఆట ఒకటి మూడు భాగాలూ సీడీల్లో తెచ్చాడు. కథ మారినా, ఊళ్ళు మారినా, మూడింట్లోనూ ఒకడు మాత్రం తప్పకుండా తగిలేవాడు. పిల్లి అంత మనిషి, బాన అంత పొట్ట, చేతిలో గిన్నె. అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉండేది గానీ మాకు వాడు బానపొట్టే. దారికడ్డంగా నిలబడేవాడు. కొట్టామా, ఒక్క దెబ్బకి మన వీరులందరినీ చంపేసేవాడు. కనబడగానే పారిపోవడం అన్నయ్య నేర్పిన విద్య. అందులో నన్ను మించినవాళ్ళు లేరని అన్నయ్యే అనేవాడు. ఆ ఒక్క మాటకి రోజంతా పొంగిపోయేదాన్ని.

రెండో సీడీలో బానపొట్ట చెల్లికి ఎదురుపడ్డాడు. అది పారిపోలేదు. గిన్నె పట్టుకొచ్చినవాణ్ణి ఒట్టిచేతులతో ఎలా పంపుతామని, దెబ్బతిన్న మన వీరుల ప్రాణం నిలిపే రొట్టెలు సంచీలోంచి తీసి పెట్టేసింది. ఒకటా రెండా, ఉన్నవన్నీ! మా గోదావరి వాళ్ళ జబ్బే అది, వద్దన్నా వడ్డిస్తాం. దీని తెలివి తెల్లారినట్టే ఉందని నేను నవ్వబోయేలోగా వాడు దాని వెనకే నడవడం మొదలెట్టాడు. ఆ తర్వాత ఎవరడ్డొచ్చినా వాడే చితక్కొట్టేవాడు. అన్నయ్య తన కుర్చీ దానికిచ్చేసి పక్కన నిలబడి చూశాడు. నావైపు తిరగనైనా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఇద్దరూ భోజనానికి లేచినప్పుడు దాని ఆట తెరిచాను. బానపొట్టని వెనక నుంచి పొడిచాను. వాడు తిరిగి కొట్టలేదు. గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆటని అలాగే సేవ్ చేసి లేచొచ్చేశాను.

చెల్లి వచ్చి వాడి కోసం సాయంత్రం దాకా అడవులన్నీ గాలించింది. ఏడవలేదు. నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది.

"అక్కా, నేనేమైనా తక్కువ పెట్టానంటావా?"

"ఎక్కువ పెట్టావే. అందుకే అలుసైపోయావు" అన్నాను.

నమ్మేసింది. నేనేం చెప్పినా నమ్మేది.

మూడో సీడీలో వాడు మళ్ళీ వచ్చి, గిన్నె చాచి నిలబడ్డాడు. దాని సంచీ నిండా రొట్టెలున్నాయి. కాసేపు వాణ్ణే చూసి, పారిపోయే మీట నొక్కింది.

"ఏమీ పెట్టలేదక్కా" అంటూ నా మొహంలోకి చూసింది.

మంచి పని చేశావని మెచ్చుకున్నాను.