వంపు చిత్రిక బేరం

తలుపులు, మంచాలు చేసిపెట్టమని ఎవరైనా వస్తే మెట్లక్క గుమ్మంలోనే ఆపేసేది. "అవి చేసేవాళ్ళు పక్క సందులో బోలెడుమంది ఉన్నారు, వెళ్ళండి" అనేది. ఆమె చేసేది ఒక్కటే, మెట్లకు చెక్క రెయిలింగులు. ఆ పని తండ్రి నేర్పాడు. తండ్రి పోయాక, ఆడదాని చేతికి రంపమెందుకన్న నోళ్ళను ఒక్కొక్కటిగా మూయించి యాభై నాలుగేళ్ళ వయసుకొచ్చింది. ఆ మూయించే పనిలో ఆమె నోరు కూడా ఉలికి తీసిపోకుండా పదునెక్కింది.

ఆ ఏడు ఒక పళ్ళ డాక్టరమ్మ తన ఆసుపత్రికి మెట్ల పని అప్పజెప్పింది. ఇరవై రెండు మెట్లు, సుడి తిరుగుతూ పైకి పోతాయి. టేకు రెయిలింగు కూడా వాటితోపాటు మెలికలు తిరగాలి. మెట్లక్క ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో రుద్ది ఆరో మెట్టు దాకా వచ్చేసరికి కుడి మణికట్టు బూరెలా పొంగింది. ఎముకల డాక్టరు నెల రోజులు చెయ్యి కదపొద్దన్నాడు. పళ్ళ డాక్టరమ్మ మాత్రం పొద్దున్నే ఫోను చేసి "ఇంకా ఎన్నాళ్ళు?" అని అడగడం మానలేదు.

అప్పుడు కలప అడితీలో ఎవరో ఇనుప వంపు చిత్రిక సంగతి చెప్పారు. చెక్కను పొరలుగా గీసి నునుపు చేసే మామూలు చిత్రికకు అడుగు చదునుగా ఉంటుంది. దీని అడుగు పల్చటి ఉక్కు రేకు. మర తిప్పితే లోపలికో బయటికో విల్లులా వంగుతుంది. వంపు చెక్క మీద వెన్న కోసినట్టు పోతుందట. ఖరీదు ఆమెకు రెండు నెలల సంపాదన. ఊళ్ళో అది ఉన్నది ఒక్క కొట్లోనే.

ఆ కొట్టు ఆమె మరిదిది. అంటే చెల్లెలి మాజీ మొగుడిది.

పదకొండేళ్ళ కిందట అతను మెత్తటి ఇనుముతో చేసిన ఉలులను మేలిరకం ఉక్కని అమ్ముతుంటే, కౌంటరు దగ్గర కూర్చున్న చెల్లెలు ఒక గిరాకీతో "ఇది వద్దండీ, వారం కూడా ఆగదు" అనేసింది. ఆ సాయంత్రమే ఆమె పెట్టె వీధిలో పడింది. చెల్లెలు ఆ పెట్టెతోనే అక్క ఇంటికొచ్చి, కుట్టుపని నేర్చుకుని, బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ అక్కడే ఉండిపోయింది. ఆనాటి నుంచి మెట్లక్క ఒక మేకు కావాలన్నా రెండు బస్సులు మారి ఊరి అవతల కొట్టుకు వెళ్ళేది.

ఇప్పుడు మణికట్టు పోటు పౌరుషాన్ని మించిపోయింది. సంచిలో రెయిలింగు ముక్కొకటి వేసుకుని వెళ్ళింది.

మరిది కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "దారి తప్పినట్టున్నారు, వదినగారు."

"వదినా లేదు, గిదినా లేదు. వంపు చిత్రిక తియ్యి."

"చూడ్డానికా, కొనడానికా? ఊరికే చూసేవాళ్ళకి ఎదురుగా సినిమా హాలుంది."

ఆమె సంచిలోంచి ముక్క తీసి కౌంటరు అంచున ఉన్న బిగింపులో బిగించి చెయ్యి చాపింది. అతను చిత్రికను అందివ్వకుండా బల్ల మీద పెట్టాడు. ఆమె అందుకుని తోస్తే మొదటి జానెడు మేర పొరలు ఉల్లిపొట్టులా లేచాయి. ఆమె గుండె ఒక్క క్షణం తేలికపడింది. మెలిక మొదలైన చోట మాత్రం చిత్రిక గతుకుల్లో బండిలా ఎగిరింది. టేకు మీద వరసగా గాట్లు పడ్డాయి. మర తిప్పి మళ్ళీ తోసింది. మళ్ళీ గాట్లే. మణికట్టు సలిపింది.

మరిది కిసుక్కున నవ్వాడు.

"నవ్వకు. పళ్ళు రాలగొడతా."

"రాలగొట్టండి. మీరు పనిచేసేది ఎలాగూ పళ్ళాసుపత్రిలోనేగా."

ఆమె మూడోసారి తోయబోతే అతను చిత్రికను లాక్కున్నాడు. "మీవి కళ్ళా, చొక్కా బొత్తాలా? ఇది గుండ్రటి బల్ల అంచుకో, తలుపు మీది కమానుకో పనికొస్తుంది. మీ రెయిలింగు వంగుతూ మెలిక కూడా పడుతోంది. ఈ రేకు వంగుతుంది గాని మెలిపడదు. అడుగు ఆనకపోతే బ్లేడు గాలిని కోస్తుందా? మీకు కావలసింది గుప్పెడంత చెక్క చిత్రిక, అడుగు గరిటె వీపులా ఉండేది. అది ఏ కొట్లోనూ అమ్మరు. చేసుకోండి. ఇక దయచేయండి!"

"అమ్ముకునేవాడివి, వద్దనడమేంటి?"

"అమ్మితే రేపు నడిబజార్లో నా పరువు చిత్రిక పడతారు. మీ ఇంటి ఆడవాళ్ళ నోరు నాకు కొత్తా?"

మెట్లక్క రుసరుసలాడుతూ ఇంటిదారి పట్టింది. 'నా చెయ్యి బాగుపడటం వీడికి ఇష్టం లేదు, అందుకే వద్దంటున్నాడు' అనుకుంది. నాలుగడుగులు వేశాక 'మరి ఆ గాట్లు?' అనుకుంది. చెయ్యి నొప్పి వల్లే సరిగ్గా తోయలేదేమో. పగవాడు అబద్ధం చెప్పాడో నిజం చెప్పాడో తేలక ఒళ్ళు మండిపోయింది.

ఇంట్లో సంగతి వినగానే చెల్లెలు కుట్టుమిషను ఆపింది. "వాడి గడప తొక్కావా?"

"నీ కోసం పదకొండేళ్ళు రెండు బస్సులు మారాను. ఒక్కసారి తొక్కితే ఏం కొంప మునిగింది?"

"మారమని నేనడిగానా? నా పేరు చెప్పుకుని నువ్వు పెంచుకున్న పగ అది!"

మధ్యాహ్నం భోజనం దగ్గర ఇద్దరూ చెరో గోడకేసి చూస్తూ తిన్నారు. కంచాలు కడుగుతూ చెల్లెలే అడిగింది, "కొనొద్దని ఎలా చెప్పాడు?"

"ఎలా ఏంటి? కుక్కలా అరిచాడు."

చెల్లెలు చేతిలో కంచం కింద పెట్టింది. "అయితే నిజమే. ఆ మనిషి అబద్ధమాడేటప్పుడే గొంతులో తేనె కారుతుంది. కాపురం చేసిన నాలుగేళ్ళూ నన్ను ఒక్కసారి కూడా కసురుకోలేదు. పెట్టె వీధిలో పారేసిన రోజే మొదటిసారి అరిచాడు."

మెట్లక్క పెరట్లోకి పోయి ఆ గాట్లు పడిన ముక్కను ఎండలో తిప్పి చూసింది. జానెడు మేర నునుపు, అక్కణ్ణుంచి గరుకు. గాట్లు మొదలైంది సరిగ్గా మెలిక దగ్గరే. చెయ్యి తప్పయితే మొదటి జానెడు మాత్రం అంత నున్నగా ఎలా వస్తుంది? వంపు చిత్రిక కొనకూడదని, అతను చెప్పిన చెక్క చిత్రిక తనే చేసుకోవాలని అప్పుడే తేల్చుకుంది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ కొట్టుకెళ్ళి, రెండు వేళ్ళ వెడల్పున్న ఉత్త బ్లేడు అడిగింది. మరిది అరలోంచి తళతళలాడేది తీశాడు.

"ఉక్కు ఎలాంటిది?"

"మీతో అబద్ధమాడతానా, వదినగారూ? బంగారమనుకోండి. మీ చేతిలో పడాలనే ఇన్నాళ్ళూ ఎదురుచూస్తోంది."

మెట్లక్క దాన్ని వెనక్కి తోసింది. "ఇంకోటి తియ్యి."

అతను మూతి ముడుచుకుని కౌంటరు కింద నుంచి తుప్పుచారల బ్లేడొకటి తీసి బల్ల మీద పడేశాడు. "ఇది మీ వల్ల కాదు! మొండిది. సాన పట్టాలంటే తాతలు దిగిరావాలి. చేతకానివాళ్ళు కొనుక్కుపోయి నన్ను తిడతారు."

"ఇదే ఇవ్వు."

అతని చెయ్యి ఆగిపోయింది. "ఎవరు చెప్పారు మీకు?"

"నీకు తెలిసిన మనిషే."

అతని ముఖం కందగడ్డలా అయింది. కాగితంలో చుట్టకుండానే బ్లేడు ఆమె ముందుకు నెట్టాడు. "ఇంకెప్పుడూ ఇటు రాకండి."

"బొట్టు పెట్టి పిలిచినా రాను."

ఆ బ్లేడు సాన పట్టడానికి ఒక పూట పట్టింది. పాత తుమ్మ ముక్కతో చేసిన మొదటి చిత్రికకు పొరలు బయటికొచ్చే నోరు మరీ సన్నమై అవి అందులోనే ఇరుక్కున్నాయి. దాన్ని విసిరికొట్టి రెండోది చెక్కింది. అది గుప్పిట్లో ఇమిడింది, మెలిక వెంట ఒరుసుకుంటూ పోయింది. అయినా పని ఎనిమిది రోజులు ఆలస్యమైంది. మణికట్టు వాపు తగ్గింది గాని, బరువెత్తితే ఇప్పటికీ కలుక్కుమంటుంది.

పని అప్పగించిన రోజు పళ్ళ డాక్టరమ్మ కింది నుంచి పై దాకా రెయిలింగు మీద అరచెయ్యి రాస్తూ ఎక్కింది, దిగింది. ఎక్కడా వంక దొరకలేదు. ముక్కు మూసుకుని, "వార్నిష్ కంపు భరించలేకపోతున్నా" అంది.

"మీ మందుల కంపులో ఇదో లెక్కా?" అంటూ మెట్లక్క పనిముట్లు సంచిలో సర్దుకుంది.