కుక్కకు తిండి పెట్టమన్నాడు

దయ్యాల ముచ్చట ఎవరైనా ఎత్తితే నేను అక్కడినుంచి లేచి పోయే రకం. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. పూనకాలు, తాయెత్తులు, దిష్టి తీయడాలు చిన్నప్పటినుంచీ చూస్తూనే పెరిగాను. ఒక్కటీ నమ్మలేదు. చదివింది ఎలక్ట్రానిక్స్. చేసే పని కూడా అట్లాంటిదే, ఎక్కడో ఏదో తప్పు ఉంటుంది, అది దొరికేదాకా వెతకాలి. కారణం లేకుండా ఏదీ జరగదని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

నేను పని చేసేది సౌదీలో, బురైదాలో. ఊరు దాటితే ఎటు చూసినా ఖర్జూర తోటలే. మా కంపెనీ చిన్నది. వర్క్‌షాపులూ గోదాములూ ఉండే సినాయాలో ఒక షెడ్డు, అంతే. తోటల్లో బోరు మోటార్లు సరిగ్గా నడుస్తున్నాయా, చెట్ల కింద తడి ఉందా లేదా చూసి యజమాని ఫోనుకు కబురు పంపే డబ్బాలు మేం తయారు చేస్తాం. ఒక్కో డబ్బాలో అరచేతంత కంప్యూటర్ బోర్డు ఉంటుంది. ఆ బోర్డుకు ప్రాణం పోసేది ఖాదర్ భాయ్.

ఖాదర్ భాయ్‌ది నంద్యాల. నాకంటే బాగా పెద్ద. నేను వైర్లు అతికే పనికని వస్తే, ఒకరోజు "రా మహేష్" అని తన పక్కన కుర్చీ లాగి కూర్చోబెట్టుకుని కెర్నల్ పని నేర్పడం మొదలుపెట్టాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. బోర్డు మీద ఏ చిప్పు ఉందో, దానికి కావలసిన ముక్క కెర్నల్‌లో ఉంచాలి, అక్కర్లేనిది తీసేయాలి. నీలం రంగు తెర మీద వరుసలు వరుసలుగా పేర్లు వస్తాయి. ఒక్కొక్కటీ చదువుకుంటూ ఉంచాలో వద్దో చెప్పుకుంటూ పోవాలి. ఒక్కటి తప్పినా బోర్డు లేవదు.

లేవనప్పుడు ఆయన విసుక్కునేవాడు కాదు. "ఏమైంది నాయనా, ఒంట్లో బాగలేదా" అని బోర్డును అడిగేవాడు. మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. శనివారం నేను మాంసం ముట్టనని, ఆ రోజు తనూ మానేసి పప్పు, చింతపండు పులుసు చేసేవాడు. నేను వద్దన్నా వినలేదు.

ఒక చలికాలం ఉదయం షెడ్డులోనే ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది.

ఆయన భార్య మహబూబ్బీ. నేను వదినా అంటాను. మనిషిని ఎప్పుడూ చూడలేదు, ఫోన్లో గొంతు మాత్రమే తెలుసు. పెట్టెలో పెట్టి అంత దూరం తిప్పొద్దు, అక్కడే మట్టి చేయండి అని ఆమే చెప్పింది. ఖననం రోజు, వాళ్ల మతం కానివాణ్ణి కాబట్టి, నేను శ్మశానం గోడ బయట నిలబడ్డాను. లోపలికి పోయినవాళ్లు బయటికి వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం వదిన ఫోన్ చేసేది. మొదట్లో అన్నీ ఆయన గురించే అడిగేది. ఆఖరి రోజు ఏం తిన్నాడు, ఏ చొక్కా వేసుకున్నాడు, మట్టి చేసిన చోట నీడ ఉందా. తర్వాత్తర్వాత ఒకటే మాట. కూతురికి కలలో కనిపించాడట. పక్కింటామెకు కూడా కనిపించాడట. తనకు మాత్రం ఒక్కసారీ కనిపించలేదట. "నా మీద ఏమన్నా కోపమా తమ్ముడా" అని అడిగేది. కలలకు మనం పిలుపు పంపలేం కదా అని సర్దిచెప్పేవాణ్ణి.

ఇంతలో మేం వాడే బోర్డును తయారు చేయడం ఆపేశారు. మా ముదీర్, అంటే మేనేజర్, మంచివాడు. కొత్త చిప్పుతో ఒక ఇవాల్యుయేషన్ బోర్డు తెప్పించాడు. అంటే మన పనికి పనికొస్తుందో లేదో చూసుకోవడానికి ఇచ్చే నమూనా బోర్డు. కాయ దించే కాలం వచ్చేలోపు దీని మీద మన డబ్బా నడవాలి, లేకపోతే బయటినుంచి తయారైన డబ్బాలు కొనుక్కుంటాం అని ఉన్న మాట చెప్పాడు. అదే జరిగితే నాకు పని ఉండదు, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్ ఉండదు, ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పోవడమే.

ఆ భయం ఉంది, లేదనను. కానీ అంతకంటే ఇంకొకటి నన్ను ఎక్కువ పీకింది. ఆ డబ్బాల్లో నడిచేదంతా ఖాదర్ భాయ్ రాసిందే. తోట తోటకూ తిరిగి, ఎండలో నిలబడి, ఒక్కొక్కటీ సరిచేసి రాశాడు. కొత్త డబ్బాలు వస్తే ఆయన చేసింది ఏదీ మిగలదు. మనిషి పోయాడు, పని కూడా పోతుంది.

కొత్త బోర్డుతో దాని తయారీవాళ్లు ఇచ్చిన సెట్టింగులే తీసుకుని, మాకు కావలసినవి కలుపుకుని కెర్నల్ తయారు చేశాను. బోర్డు లేచింది. సంతోషపడ్డాను. కాసేపు నడిచి, ఉన్నట్టుండి తనంతట తానే ఆగిపోయి మళ్లీ మొదటినుంచి లేచింది. ఎన్నిసార్లు పెట్టినా అదే వరస. సిమ్ కార్డు ముక్క పరీక్షిస్తున్నప్పుడు పడిపోతే దాని తప్పనుకున్నాను. తడి చూసే సెన్సర్ కలిపినప్పుడు పడిపోతే అది కారణమనుకున్నాను. కరెంటు ఇచ్చే అడాప్టర్ మార్చాను. మెమరీ అనుమానించాను. చల్లగా ఉండాలని ఏసీ కింద పెట్టి చూశాను. కెర్నల్‌లో ఒక్కొక్క ముక్కే తీసి మళ్లీ తయారు చేశాను. ఏం చేసినా కాసేపే, తర్వాత మళ్లీ మొదటికి. బోర్డుతో వచ్చిన పుస్తకం ఎన్నిసార్లు చదివానో. పోతున్నప్పుడు తెర మీద ఒక్క మాట కూడా చెప్పదు. తప్పు ఎక్కడుందో చెప్పకుండా పడిపోయేదాన్ని ఎక్కడని పట్టుకోవడం.

ఈ బాధ నేను ఎవరికీ చెప్పుకోలేదు. ముదీర్‌కు పని నడుస్తోంది అనేవాణ్ణి. వదినకైతే కొత్త బోర్డు వచ్చిన సంగతే తెలియదు. ఆమెతో నేను పని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఒక సోమవారం పొద్దున పనిలో ఉండగా ఆమె ఫోన్ వచ్చింది. శుక్రవారం కాకుండా ఆమె చేయడం అదే మొదటిసారి. కూతురికేమైనా అయిందేమోనని భయం వేసింది. షెడ్డు బయటికి పోయి ఎత్తాను.

"తమ్ముడా, మీరు ఆడేమన్నా కుక్కను పెంచుతున్నారా?" అంది.

లేదు వదినా అన్నాను. మేముండేది బిల్డింగులో, కుక్కను ఎవరు ఉండనిస్తారు అన్నాను. ఎందుకు అడుగుతున్నావన్నాను.

"మీ అన్న కలలోకి వచ్చినాడు," అంది.

తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని మళ్లీ కాస్త వాలిందట. గడప దగ్గర చెప్పులతోనే నిలబడి ఉన్నాడట. లోపలికి రాలేదు. కూతురి మాట ఎత్తలేదు. తను ఎట్లా ఉందో అడగలేదు. చెప్పింది ఒక్కటే.

"కుక్క ఆడ ఆకలితో ఉంది, మహేష్‌ను దానికి తిండి పెట్టమను అన్నాడు. అది ఆకలితో ఉన్నంత సేపూ ఎవురినీ నిలవనీదు అన్నాడు. అంతే తమ్ముడా. పోయినాడు."

ఆమె గొంతులో బాధ తెలుస్తోంది. ఇన్నాళ్లు ఎదురు చూస్తే, వచ్చి కుక్క మాట చెప్పి పోయాడని. కలలు అట్లాగే ఉంటాయి, అర్థం వెతకొద్దు అని ఓదార్చాను. వీధిలో ఏదైనా కుక్క కనిపిస్తే రొట్టె పెడతానని కూడా అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకూ మనసు బాగాలేదు. పాపం, మొదటి కల కూడా ఆమెకు ఊరట ఇవ్వలేదే అనుకున్నాను.

మధ్యాహ్నం జుహర్ నమాజుకు అందరూ పోయారు. నేను అన్నం తిని వచ్చి మళ్లీ బోర్డు ముందు కూర్చున్నాను. అది లేచింది. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. కాసేపు నిలబడింది. పడిపోయింది. మళ్లీ లేస్తోంది. చూస్తూ ఉన్నాను. ఆమె చెప్పిన మాట చెవిలో ఉంది. ఎవురినీ నిలవనీదు.

అప్పుడు తట్టింది.

మా పనిలో వాచ్‌డాగ్ అని ఒకటి ఉంటుంది. కాపలా కుక్క. చిప్పులోనే ఉండే చిన్న గడియారం అది. ప్రోగ్రాం బతికే ఉందని దానికి కొంతసేపటికొకసారి కబురు అందాలి. అందకపోతే బోర్డు బిగుసుకుపోయిందని అనుకుని, దాన్ని ఆపి మళ్లీ మొదటినుంచి లేపుతుంది. ఆ కబురు పంపడాన్ని ఈ పనిలో ఉన్నవాళ్లు కుక్కకు తిండి పెట్టడం అనే అంటారు.

బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఈ వాచ్‌డాగ్ ఆపి ఉంటుందని రాసి ఉంది. వాళ్లిచ్చిన సెట్టింగుల్లోనూ దాని ముక్క లేదు. అందుకే నేను ఆ వైపే చూడలేదు. కెర్నల్ కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రాం దాన్ని చడీచప్పుడు లేకుండా మేల్కొలిపి పోతోందని తర్వాత తెలిసింది. మేల్కొన్నది ఉంది, తిండి పెట్టేవాళ్లు లేరు.

నీలం తెర తెరిచి వాచ్‌డాగ్ వరుస దగ్గరికి పోయాను. ఈ చిప్పు పేరు అక్కడే ఉంది. ఉంచమని నొక్కాను. దానికి వేళకు కబురు పంపే ముక్క కూడా కలిపాను. కెర్నల్ తయారవుతున్నంత సేపూ తెర ముందునుంచి కదలలేదు. బోర్డులోకి ఎక్కించాను. లేచింది. సాయంత్రం అసర్ అజాన్ వినిపించింది. నడుస్తూనే ఉంది. షెడ్డు మూసే వేళకు కూడా నడుస్తూనే ఉంది. దాన్ని ఆపకుండా అట్లాగే వదిలేసి గదికి పోయాను. తెల్లారి వచ్చి చూస్తే అట్లాగే ఉంది.

కాయ దించే కాలానికి ముందే కొత్త డబ్బా ఒక తోటలో పెట్టాం. ఖాదర్ భాయ్ రాసినవన్నీ అందులో నడుస్తున్నాయి. ముదీర్ నా భుజం మీద చెయ్యి వేసి, ఖాదర్ మంచి శిష్యుణ్ణి వదిలి పోయాడన్నాడు.

ఆ శుక్రవారం వదినకు అంతా చెప్పాను. ఆ కుక్క అంటే ఏమిటో, తిండి అంటే ఏమిటో, ఆమెకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"అయితే పనిలో ఉన్నాడన్నమాట," అని మెల్లగా నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు. అంత తేలిగ్గా ఎట్లా తీసుకుందా అని నాకు ఆశ్చర్యంగానే అనిపించింది.

తర్వాత నేను కారణాలు వెతికాను. వెతకడమే కదా నా పని. ఆయన బతికున్నప్పుడు ఇంట్లో ఎప్పుడైనా ఈ మాట అన్నాడా అని అడిగాను. పని సంగతులు గడప లోపలికి తెచ్చేవాడు కాదంది. పాత బోర్డుల్లో మేం ఆ వాచ్‌డాగ్‌ను ఎప్పుడూ వాడలేదు. కొత్త బోర్డు వచ్చేసరికి ఆయన లేడు. పోనీ నాకే లోపల ఎక్కడో తెలిసి ఉండి, ఆమె మాటతో బయటపడిందా అంటే, అదీ కావచ్చు. నాకు తట్టడానికి అది సరిపోతుంది. ఆమెకు ఎందుకు తట్టిందో మాత్రం దానితో తేలదు.

పోయినసారి సెలవు మీద వచ్చినప్పుడు నంద్యాల పోయాను. వదినను చూడడం అదే మొదటిసారి. ఫోన్లో గొంతును బట్టి నేను పెద్ద మనిషిని ఊహించుకున్నాను. చిన్నగా, సన్నగా ఉంది. కూతురు నీళ్లిచ్చింది. అన్నం పెట్టి, నేను తింటున్నంత సేపూ ఎదురుగా కూర్చుని, ఫోన్లో చెప్పని సంగతి ఒకటి చెప్పింది.

ఆయన రెండోసారి కూడా వచ్చాడట. మొదటి కల వచ్చిన మరుసటి రోజు, అంటే మంగళవారం తెల్లవారుజామున. బోర్డు నడుస్తున్నట్టు నేనింకా ఆమెకు చెప్పనే లేదు. ఈసారి చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడట. మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాడట. తొందర ఏమీ లేదట. చాలాసేపు ఉన్నాడట.

ఏం మాట్లాడాడు వదినా అని అడిగాను.

"పని మాట నీకు చెప్పాల్సింది, చెప్పినాను," అంది. "ఇవి నావి."

ఆమె నా కంచంలో ఇంకొంచెం అన్నం వేసింది. ఇదంతా ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ మధ్య వెతకడం కూడా మానేశాను.