తృస్తెనిక్ బస్సు కదలాలంటే

వుకోసవ ఇరవై ఆరేళ్ళుగా సెర్బియాలోని చాచక్ బస్టాండులో బస్సుల పేర్లు చెబుతూ మైకు ముందు కూర్చుంటోంది. ఆమె గొంతు వినపడందే ఏ డ్రైవరూ బస్సు కదిలించేవాడు కాదు. రూలేమీ లేదు, అలవాటంతే. ఈ వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ త్వరగానే దారికొచ్చాయి గానీ నాలుక మొండికేసింది.

సెర్బియన్‌లో మొండి నాలుకతో నెగ్గుకురావడం అయ్యే పని కాదు. మనం బళ్ళో దిద్ది, పలకతోపాటే వదిలేసిన ఋకారంతో అక్కడివాళ్ళు రోజూ కాపురం చేస్తారు. నెత్తురు కృవ్, ముల్లు తృన్, వేలు పృస్త్. వుకోసవ నోట్లో అన్నీ లకారాలైపోయాయి. రొట్టెల కొట్టులో ఎవరో నవ్వితే వారంపాటు ఆ గుమ్మం తొక్కలేదు. రోషానికి మాత్రం ఏ జబ్బూ రాలేదు!

బస్టాండు మేనేజరు మిలొయే గడువు పెట్టాడు. "డిసెంబరులో నికోలా పండగ దాకా చూస్తాను వుకా. ఆ తర్వాత రికార్డు గొంతు పెట్టించేస్తా. ఏమనుకోకు."

మాటలు నేర్పే డాక్టరమ్మ యాస్న, కూతురి వయసు పిల్ల, ఆమెను అద్దం ముందు కూర్చోబెట్టింది. "నాలుక పైపళ్ళ వెనక ఆనించు పిన్నీ. ద-ద-ద అను. ఇంకా తొందరగా!" అని ప్రాణం తీసేది. వుకోసవ ఉల్లిపాయలు తరుగుతూ ద-ద-ద, మెట్లు దిగుతూ ద-ద-ద. నవంబరులో ఒక పొద్దున మిరప పచ్చడి సీసా మూత తిప్పుతుంటే నాలుక దానంతటదే గిర్రున ఆడి ఋ పలికింది. సీసా పట్టుకుని భోరుమంది.

పండగ ముందురోజు మళ్ళీ మైకు దగ్గర కూర్చుంది. ఏడూ పదికి తృస్తెనిక్ ఊరెళ్ళే బస్సు. "తృ" దగ్గరే నాలుక అతుక్కుపోయింది. స్పీకర్లలో ఆమె ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. బస్సులో జనం గొణగడం మొదలెట్టారు. డ్రైవరు ద్రాగీషా ఇంజను ఆపేసి, దిగివచ్చి ఆమె కిటికీ తట్టాడు.

"తొందరేం లేదక్కా. నువ్వు చెప్పందే కదిలితే ఒట్టు."

"నీకు తిట్లు తప్పవు."

"మా ఆవిడ దగ్గర తినేవాటికంటే ఎక్కువా?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే నాలుక పట్టు వదిలింది.

"తృ...స్తెనిక్! మూడో ప్లాట్‌ఫారం!"

ఋకారం అక్కర్లేనంత పొడుగ్గా సాగింది. ద్రాగీషా పరుగున వెళ్ళి బస్సెక్కాడు. బస్సు గేటు దాటి వెళ్ళిపోయింది. వుకోసవ ఖాళీ ప్లాట్‌ఫారానికి ఇంకోసారి చెప్పింది, "తృస్తెనిక్!"

"ఎవరికి చెబుతున్నావు? బస్సు వెళ్ళిపోయిందిగా," అన్నాడు వెనక నుంచి మిలొయే.

"నాకు."

అతను కాఫీ కప్పు ఆమె ముందు పెట్టాడు. "ఎనిమిదింటికి క్రాగుయెవాత్స్ బస్సుంది. మర్చిపోకు."