రెండో కట్ట

శ్రమల దినాల్లో మొదటి ఆదివారం వాళ్ళ చర్చిలో కానుకల సంచి మామూలు కంటే బరువుగా తిరుగుతుంది. ఆ నలభై రోజులకూ ఎవరు ఏది వదిలేద్దామనుకుంటే దాన్ని ఆ సంచిలో వేస్తారు. వేసేటప్పుడు పేరు చెప్పరు. పాస్టరయ్య సంచిని బల్లమీద బోర్లించి ఒక్కొక్కటే పైకెత్తినప్పుడు, ఆ వస్తువు తాలూకు మనిషి లేచి నిలబడాలి. ఈస్టరు నాడు మళ్ళీ లేచి, మాట నిలబెట్టుకున్నదీ లేనిదీ అందరి ముందూ చెప్పాలి. తాతలనాటి పద్ధతి అది. ఒక ఏడు నస్యం డబ్బీ పడింది. ఇంకో ఏడు ఎవరో పేకముక్కలు వేస్తే అందులో రాణి లేదని చర్చంతా నవ్వింది.

ఆ ఏడు గిద్యోను కూడా ఒకటి వదిలేద్దామనుకున్నాడు. సంచి చేతికి రాగానే పిడికిలి లోపలికంటా పెట్టి, బీడీ కట్టను అడుక్కి జారవిడిచాడు. ముప్పై ఏళ్ళుగా జేబులో ఉన్నది పోయేసరికి చొక్కా ఒక పక్కకు తేలిపోయినట్టనిపించింది.

పాస్టరయ్య సంచి బోర్లించారు. చిల్లర, నోట్లు, ఒక వక్కల డబ్బీ, ఆఖరున రెండు బీడీ కట్టలు పక్కపక్కనే దొర్లాయి. ఒకటే గులాబీ కాగితం, ఒకటే దారం. వాళ్ళ మంగల్‌పేటలో బీడీ తాగేవాళ్ళందరూ కొనేది గాలయ్య పాన్‌డబ్బాలోనే మరి.

“రెండు కట్టలు!” పాస్టరయ్య రెండింటినీ ఒకే చేత్తో ఎత్తారు. “రెండు కట్టలు ఒక్కసారి వదిలే మొనగాడు ఎవరు నాయనా మన మధ్యన?”

గిద్యోను లేవబోయాడు. ఆ లేవడంలోనే దగ్గు తగులుకుంది. కండువా నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి రెండు వరసల ముందు అతని తోడల్లుడు సిలాసు నిలబడి ఉన్నాడు. చర్చంతా చప్పట్లు. పాస్టరయ్య సిలాసు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నారు.

ఇప్పుడు లేచి, “అందులో ఒకటి నాది” అంటే ఏం బాగుంటుంది? గిద్యోను కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం భోజనం అత్తగారింట్లో. సుందరాబాయికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె హేబ్సిబాను గిద్యోను చేసుకున్నాడు, చిన్నామె జెస్సికాను సిలాసు చేసుకున్నాడు. ఆదివారం మాంసం కూరలో వచ్చే మూలుగున్న ఒక్క నల్లిబొక్క పెద్దల్లుడి పళ్ళెంలో పడటం పదిహేనేళ్ళ ఆనవాయితీ. ఆ రోజు సుందరాబాయి గరిటె గిద్యోను పళ్ళెం మీదుగా అలాగే పోయి సిలాసు పళ్ళెంలో వాలింది.

“తిను బిడ్డా, రెండు కట్టలు ఇడిసినోనివి. నెత్తురు పట్టాలె,” అంది. అని గిద్యోను వైపు తిరిగింది. “నువ్వు గూడ చూసి నేర్చుకోరాదు పెద్దల్లుడా? మొన్న చర్చిల పాట ఎత్తుకున్నవు, రెండు చరణాలకే దగ్గువడితివి. పాట ఆగిపాయె.”

సిలాసు తల వంచుకుని బొక్కను పళ్ళేనికి కొడుతున్నాడు. ఆ టకటక గిద్యోను నెత్తిమీదే పడుతున్నట్టుంది.

గిద్యోనుది మోటారు వైండింగ్ పని. చుట్టుపక్కల చిమ్కోడ్, మన్నళ్ళి ఊళ్ళ రైతులు కాలిపోయిన బోరు మోటార్లను ఎడ్లబండ్లమీదా ఆటోల్లోనూ తెచ్చి అతని షెడ్డు ముందు దించుతారు. పాత తీగను పీకేసి, కొత్త రాగి తీగను ఒక్కో చుట్టే లెక్కపెట్టుకుంటూ చుట్టి, మోటారు లోపలి గాళ్ళలో ఇరికించి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. ఒక్క చుట్టు తప్పితే మోటారు మూలుగుతుంది. పద్దెనిమిదో ఏట హైదరాబాదు రాణిగంజ్‌లో ఒక ఉస్తాదు దగ్గర రెండేళ్ళు ఉండి నేర్చుకున్నాడు. ఆయన తీగతో పాటు బీడీ కూడా చేతికిచ్చాడు. ‘ఒక తీగచుట్ట పూర్తయితే ఒక బీడీ, వేళ్ళకూ కళ్ళకూ ఆరాం’ అనేవాడు. అప్పటినుంచి గిద్యోను వేళ్ళకు ఆ రెండూ ఒకటే పని.

కట్ట సంచిలో పడ్డ మర్నాడు మొదటి తీగచుట్ట పూర్తికాగానే చెయ్యి తనంతట తనే జేబుకు పోయింది. జేబులో సోంపు పొట్లం తగిలింది. నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. రెండో చుట్టలో లెక్క మరిచాడు. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ మరిచాడు. మధ్యాహ్నానికి తీగ తుంచి గోడకు కొట్టి, బయటికొచ్చి ఎండలో నిలబడ్డాడు. ఎదురుగా గాలయ్య డబ్బా. ఎవరో డబ్బాకు వేలాడుతున్న నిప్పుతాడుకు బీడీ అంటించుకుంటున్నారు. గిద్యోను నోరంతా నీళ్ళూరింది, దవడలు పట్టేశాయి. మెడ వెనక చీమలు పాకుతున్నట్టుంది. లోపలికి పోయి చెంబెడు నీళ్ళు తాగాడు, ఇంకో చెంబు తాగాడు.

హేబ్సిబాకు సంగతంతా తెలుసు. చర్చినుంచి వచ్చేటప్పుడే చెప్పాడు.

“మా అమ్మకన్న చెప్త తియ్యి, ఒక కట్ట మా ఆయనదని,” అందామె.

“చెప్పకు. చెప్తే ఏమంటరు? సడ్డకుణ్ణి చూసి కుళ్ళుకోని తానూ ఇడిసిన అంటుండు అంటరు. ఈస్టరుకు నేనే లేస్త.”

“కుళ్ళుకుంటలేవా మరి?”

“నీ చెల్లె మొగణ్ణి చూసి నాకేం కుళ్ళు?” అన్నాడు.

కుళ్ళు లేకపోతే ఎట్లా? అవి హైదరాబాదు చుట్టూ చేలన్నీ ప్లాట్లైపోతున్న రోజులు. సిలాసుకు ఒక వ్యాను ఉంది. సోమవారం తెల్లారేసరికి ఉద్యోగాల పిల్లల్ని నగరంలో దింపుతాడు, భూములు చూసేవాళ్ళను తిప్పుతాడు. వచ్చినప్పుడల్లా కొత్త వంతెన గురించో, అద్దాల మేడ గురించో చెబుతాడు. పోనీ, అదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది అతని ముఖం. బీడీ మానేసి పది రోజులైనా నవ్వు చెదరలేదు. గిద్యోనుకు నిద్ర లేదు, అన్నం సయించదు, చీటికిమాటికి కోపం. దగ్గు తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది.

“ఏమనిపిస్తలేదా నీకు?” అని ఒకనాడు అడిగాడు, ఏమీ ఎరగనట్టు.

“ఏమున్నదన్నా, ఇడిసెయ్యాలె అనుకున్న, ఇడిసిన. నువ్వూ ఇడిసెయ్యరాదు? అంతా మనసుల ఉంటది,” అన్నాడు సిలాసు.

ఆ మాట మేకులా దిగింది. ఆ క్షణంలోనే గిద్యోనుకు ఒకటి తట్టింది. వీడు చాటుగా తాగుతున్నాడు. తాగకపోతే ఆ నవ్వు ఎక్కడిది?

గాలయ్య దగ్గరికి పోయి ఒక్కటంటే ఒక్కటే బీడీ తీసుకున్నాడు. ఖాళీ అగ్గిపెట్టెలో దాన్ని పెట్టి, రెండు పుల్లలు తోడుగా వేసి, జేబులో పెట్టుకున్నాడు. వాణ్ణి పట్టుకున్న రోజున వాడి ముందే దాన్ని వెలిగించాలి. అప్పటిదాకా ముట్టేది లేదు. పట్టుకోకముందే తాగితే మరి ఎవరు ఎవర్ని పట్టుకున్నట్టు?

అప్పటినుంచి గిద్యోను రోజులు వేరుగా గడిచాయి. కోరిక మెడ పట్టుకున్నప్పుడల్లా అగ్గిపెట్టెను చెవి దగ్గర ఆడించి, ‘కానీ, వాడు దొరకనీ’ అనుకునేవాడు. అంతటితో కోరిక సిలాసు మీదికి మళ్ళేది. టైరు చూస్తానని చెప్పి వ్యానులో తల దూర్చి సీట్లు వాసన చూసేవాడు. జెస్సికా ఉతకడానికి వేసిన చొక్కాను ఒకసారి ముక్కు దగ్గరికి తీసుకుంటుండగా హేబ్సిబా చూసింది.

“ఏందయ్యా ఇది? పరాయోని అంగి వాసన చూస్తున్నవు?”

“చెమట కంపు కొడుతుందా అని.”

“నీదే కొడుతాంది, పొయ్యి స్నానం చెయ్యి.”

చొక్కాకు ఏ వాసనా లేదు. కానీ ఒకనాడు వ్యాను వెనక సీటులో బీడీ కంపు తగిలింది. వారం తర్వాత సిలాసు కండువాలోనూ తగిలింది. గిద్యోనుకు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే దిగాయి.

ఎండలు ముదిరాయి. వోల్టేజీ పడిపోయి మోటార్లు వరసగా కాలిపోయాయి. షెడ్డులో రాగి తీగ అయిపోవచ్చింది. మట్టలాదివారం దాటిన బుధవారం, బీడీ ముట్టక ముప్పై తొమ్మిదో రోజున, గిద్యోను తీగ కోసం సిలాసు వ్యానులోనే హైదరాబాదు బయలుదేరాడు. ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా తోడల్లుడి చేతుల్నే చూశాడు. జహీరాబాద్ దాటేదాకా ఆ చేతులు స్టీరింగు మీదనే ఉన్నాయి. సదాశివపేట దగ్గర చాయ్ హోటల్ ముందు వ్యాను ఆగింది.

“చాయ్ తాగుతుండన్నా, గిప్పుడే వస్త,” అని సిలాసు హోటల్ వెనక్కి పోయాడు.

చాయ్ వచ్చింది. గిద్యోను దాన్ని ముట్టలేదు. అగ్గిపెట్టె తీశాడు. బీడీ పెదాల మధ్య పెట్టుకున్నాడు. అన్ని రోజుల తర్వాత ఆకు రుచి నాలుకకు తగిలింది. ఓర్చుకుని మెల్లగా హోటల్ చుట్టూ తిరిగి వెళ్ళాడు.

వెనక వేపచెట్టు కింద రెండు ముక్కాలి పీటలు. ఒకదాని మీద ఎవరో ముసలి లారీ డ్రైవరు. ఒక చేతిలో చాయ్, ఒక చేతిలో బీడీ. రెండో పీటమీద సిలాసు. అతని చేతులు ఖాళీగా ఒళ్ళో ఉన్నాయి. కళ్ళు మూసుకున్నాడు. ముక్కుపుటాలు మాత్రం కదులుతున్నాయి. గాలి అటు మళ్ళింది. సిలాసు కళ్ళు తెరవకుండానే పీటను అటు జరుపుకున్నాడు. ముసలాయన ఇంకో దమ్ము లాగాడు. పొగ తేలివచ్చి సిలాసు ముఖం మీదుగా పోయింది.

“రోజూ గిట్లనేనా బిడ్డా?” అని ముసలాయన అడుగుతున్నాడు.

“ఎవరన్న దొరికితే గిట్లనే, తాతా. చాయ్ నేను తాపిస్త, బీడీ వాళ్ళు తాగుతరు. ఒక్కోసారి బండ్లె గూడ తాగుమంట. ఈ మాత్రం లేకుంటే స్టీరింగు పట్టరాదు, చేతులు వణుకుతయి.”

చాయ్ ముగించి ముసలాయన లారీ వైపు పోయాడు. గిద్యోను నీడ పీటమీద పడింది. సిలాసు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ముందు గిద్యోను ముఖం చూశాడు, తర్వాత పెదాల మధ్య బీడీ చూశాడు. దాన్ని చూశాక అతని ముఖంలో సిగ్గు పోయి ఆకలి వచ్చింది.

“చూసినవా అన్నా? అత్తమ్మకు చెప్పకు,” అన్నాడు. “మనసుల ఉంటది గినసుల ఉంటది అని ఊరికె అన్న. చచ్చిపోతున్న. ఆ దినం సంచిల నేను ఒక్క కట్టనే ఏసిన. అయ్య రెండు ఎత్తిండు. లేసిన, చప్పట్లు వడ్డయి. ఒకటే నాది అనేటందుకు నోరు రాలె. ఆ రెండో కట్టోడు ఎవడో, వాడు ఎన్నడు లేస్తడో అని ఒకటే భయం. వాడు ఇంకా ఇడిసే ఉంటడు, నేనే పడిపోత అని.” గొంతు తగ్గించాడు. “నువ్వు వెలిగియ్యన్నా. జర ఇట్ల కూసో. గాలి ఇటే ఉన్నది.”

గిద్యోను ఖాళీ పీటమీద కూర్చుని పుల్ల గీశాడు. మంట చిన్నగా లేచింది. సిలాసు మెడ చాపి కళ్ళు మూసుకున్నాడు, పాలకోసం నోరు తెరిచిన పసివాడిలా. గిద్యోను లోపల ప్రతి నరమూ ఆ మంటవైపే వంగింది. ఒక్క దమ్ము. ముప్పై తొమ్మిది రోజుల దమ్ము.

మంటను బీడీ దగ్గరికి తెస్తూ ఆ ముఖాన్ని చూశాడు. కట్ట వాడి ఖాతాలో పడింది. నల్లిబొక్క వాడి పళ్ళెంలో పడింది. ఇప్పుడు నా పొగ కూడా వాడికేనా? నేను పడిపోవాలి, వాడు నిలబడి వాసన చూడాలి!

ఉఫ్ మని ఊదాడు. పుల్ల ఆరిపోయింది.

“ఏమైందన్నా?”

“రెండో కట్ట నాదిరా.”

సిలాసు కళ్ళు తెరిచాడు. గిద్యోను బీడీని వేళ్ళమధ్య నలిపాడు. ఆకు పటపటమని విరిగి, పొగాకు నేలమీద రాలింది. ఇద్దరూ దాన్ని అట్లా చూస్తూ కూర్చున్నారు.

“నువ్వు ఎప్పుడు ఇడిసినవు?” అన్నాడు గిద్యోను చివరికి.

“ఆ ఆదివారమే. చర్చికొచ్చే దారిల ఆఖరిది తాగిన.”

“నేను శనివారం పొద్దుమూకంగనే ఆపిన.”

ముప్పై తొమ్మిది రోజుల్లో మొదటిసారి గిద్యోనుకు ఊపిరి నిండుగా ఆడింది.

ఈస్టరు నాడు సిలాసు లేచాడు. సంగతంతా చెప్పాడు, పీట జరుపుకున్నది కూడా దాచలేదు. చర్చి నవ్వింది, తర్వాత వెనక్కి తిరిగి గిద్యోనును చూసింది. గిద్యోను లేచి, “నిలబెట్టుకున్న,” అని ఒక్క మాట అని, పాట ఎత్తుకున్నాడు. మూడో చరణంలో దగ్గు వచ్చింది. అప్పటికే సిలాసు గొంతు కలిపి ఉన్నాడు. పాట ఆగలేదు. ‘అందులో కూడా దూరాడు’ అనుకుంటూనే గిద్యోను దగ్గు ఆపుకుని నాలుగో చరణం అందుకున్నాడు.

మధ్యాహ్నం సుందరాబాయి గరిటెలో నల్లిబొక్క పట్టుకుని ఇద్దరి మధ్య ఆగింది.

“అంటే చిన్నల్లుణ్ణి చూసే పెద్దల్లుడు గూడ ఇడిసిండన్నట్టు,” అంది.

ఏ మాటకు భయపడి ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాడో ఆ మాటే. గిద్యోను చెవులు కాలాయి. హేబ్సిబా నోరు తెరిచేలోపు సిలాసు అన్నాడు, “కాదత్తమ్మా. అన్న నాకంటే ఒక పూట ముందు.”

నల్లిబొక్క గిద్యోను పళ్ళెంలో పడింది.

తిన్నాక ఇద్దరూ అరుగుమీద కూర్చున్నారు. భోజనం తర్వాతి బీడీ వేళ. వీధిలో ఎవరో తాగుతూ పోయారు. పొగ వాసన అరుగుదాకా వచ్చింది. గిద్యోను సోంపు పొట్లం విప్పి సగం తోడల్లుడి అరచేతిలో పోశాడు.

“వస్తాందా?” అన్నాడు సిలాసు.

“వస్తాంది.”

“నాకైతే పానం గుంజుతాంది.”

గిద్యోను సోంపు నములుతూ ఒక్క క్షణం ఆలోచించాడు.

“నాకంటే ఎక్కువేం గుంజదు తియ్యి,” అన్నాడు.