గట్టిగున్నది, నడువుండ్రి

మందమర్రి కార్మికుల కాలనీలో నల్లా దగ్గర పుట్టిన మాట ఒకటుంది. కైలాసం కారులో బొగ్గుబాయిలో చచ్చిపోయినవాళ్లు కూర్చుంటున్నారట. అందుకే అతను ఎక్కడంటే అక్కడ బండి ఆపి, ముందున్న బానెట్ మూత లేపి, ఇనుప సలాక ఒకటి ఇంజను మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి వాళ్లతో ముచ్చట పెడతాడట. వెనక నుంచి మనుషులు పిలిస్తే తిరిగి చూడడట, చెవులు అప్పటికే ఆ మాటల్లో ఉంటాయట. మొన్న సోమవారం వేములవాడ తోవలో బండిని ఆపింది కూడా వాళ్లేనట. కిష్టవ్వ ఈ సంగతి తన బిందె నిండేలోపు ముగ్గురికి చెప్పింది. ఆ ముగ్గురి బిందెలు ఇళ్లకు చేరేసరికి చచ్చినవాళ్లకు పేర్లు కూడా వచ్చాయి.

చచ్చినవాళ్లెవరూ కూర్చోలేదు. ఆ కారులో ఉన్నది బతికున్న ఐదుగురు. అందులో ఒకతి పదకొండు నెలల చంటిపిల్ల. జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలంటే అంతయ్య వైపు నుంచి చెప్పుకోవాలి. కైలాసం చెవిని అతను నమ్మినంతగా ఇంకెవరూ నమ్మలేదు మరి.

ఇద్దరూ బొగ్గుబాయిలో ఇరవై ఆరేళ్లు ఒకే షిఫ్టులో దిగారు. కైలాసం పని కప్పు చూడటం. నెత్తిమీది బండను సలాకతో కొట్టి, కళ్లు మూసుకుని వినాలి. ఖంగుమంటే గట్టిది. ఖాళీ డబ్బాలా బోలుగా మోగితే లోపల విడిచిందన్నట్టు, ఎప్పుడైనా పడుతుంది. అతను కొట్టి, విని, "గట్టిగున్నది, నడువుండ్రి" అంటేనే మిగతావాళ్లు అడుగు ముందుకేసేవాళ్లు. అంతయ్య పనిలో చేరిన రెండో ఏడు, ఒకరోజు కైలాసం కప్పు కొట్టగానే "ఉరుకుండ్రి!" అని అరిచాడు. నలుగురు బయటపడ్డారు. అంతయ్య సద్దిగిన్నె బయటపడలేదు. ఈ రోజుకూ అది ఆ బండ కిందే ఉంది. అప్పటికి అంతయ్య బిడ్డ మంజుల ఇంకా పుట్టలేదు. తర్వాత పిల్లను ఎత్తుకున్నప్పుడల్లా, అది నడిచినప్పుడు, బడికి పోయినప్పుడు, పెళ్లిపీటల మీద కూర్చున్నప్పుడు, అతనికి ఆ సద్దిగిన్నె యాదికొచ్చేది.

కైలాసం బాయి వదిలి రెండేళ్లయింది. ఆఖరి రోజుల్లో అతనికొక కొత్త అలవాటు వచ్చింది. కప్పు కొట్టి చూశాక, ఆ మాట అనకముందే తానొక్కడే వెళ్లి ఆ కప్పు కింద నిలబడేవాడు. బీడీ కాల్చినంత సేపు నిలబడి అప్పుడు పిలిచేవాడు. "నీ చెవి మీద నీకెంత నమ్మకంరా!" అని అంతయ్య మురిసిపోయేవాడు.

రిటైరయ్యాక ఒక పాత పెట్రోలు కారు కొన్నాడు. దవాఖానకో, పెళ్లికో, వేములవాడ రాజన్న మొక్కుకో కాలనీలో ఎవరు అడిగినా తోలుకుపోయేవాడు. భార్య ఐలవ్వ ఎప్పుడూ పక్క సీటులోనే. వెనకాల ఎవరేమన్నా ఆమె దాన్ని మళ్లీ ఒకసారి మొగుడి ఎడమ చెవి దగ్గర గట్టిగా అనేది. "ఐలవ్వ మైకు మింగి పుట్టింది" అని నవ్వుకునేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

మూడు వారాల కింద కారులో స్టీరింగు ముందున్న పలక మీద పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగింది. చిన్న ఇంజను బొమ్మ. వెలిగింది ఆరలేదు. మెకానిక్ సుధాకర్ దగ్గరికి పోయినప్పుడు అంతయ్య కూడా వెంట ఉన్నాడు.

"కాకా, గిది ఊకెనె వెలగది," అన్నాడు సుధాకర్. "పెట్రోలు మూత గట్టిగ తిప్పినవా? గది లూజున్నా వెలుగుతది. తిప్పినంక రెండు మూడు రోజులల్ల ఆరకపోతె మిషను వెట్టాలె. స్టీరింగు కింద వైరు గుచ్చితె ఏ తావుల బీమారి ఉన్నదో నంబరు జెప్తది."

ఐలవ్వ ఆ ముక్కను మళ్లీ చెప్పింది. కైలాసం పోయి మూత బిగించి వచ్చాడు.

"ఇంకో మాట ఇను. గిట్ల నిలవడి వెలుగుతుంటె పైలంగ తోలుకోవచ్చు, గని తొందరగ సూపెట్టుకోవాలె. కొట్టుకుంట వెలిగిందనుకో, వెలుగుడు ఆరుడు, వెలుగుడు ఆరుడు, అప్పుడు జర గూడ ఉరికియ్యద్దు. కాలు తీసి, పక్కకు ఆపి, బంద్ జెయ్యి. కాలని పెట్రోలు పొగగొట్టంల వడ్తె గది అగ్గిలెక్క కాగుతది. బండే అంటుకోవచ్చు."

కైలాసం నవ్వాడు. "ముప్పై ఏండ్లు కొండను గొట్టి మాట్లాడిచ్చినోన్నిరా. గీ మినుగురువురుగు నాకు జెప్తదా?"

సీటు కింద నుంచి సలాక తీశాడు. బాయి నుంచి తెచ్చుకున్నదే, సగానికి కోయించాడు. ఇంజను మీద ఒక కొస ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

"గట్టిగున్నది."

"సలాక వెట్టి నేను గూడ వింట కాకా. గని దీపం దీపమే."

అప్పుడు అంతయ్య ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "అరే పిలగా, నేను ఇయ్యాల నీ ముంగట నిలవడ్డదే గా చెవుల పుణ్యాన. నీ మిషను నిన్నగాక మొన్న పుట్టింది," అన్నాడు. సుధాకర్ చేతులు తుడుచుకుని ఇంకో బండి దగ్గరికి పోయాడు. మిషను పెట్టించలేదు. దీపం ఆరలేదు.

సోమవారం మంజుల కూతురు శ్రేయకు వేములవాడలో పుట్టు వెంట్రుకలు తీయించాలి. అల్లుడికి డ్యూటీ పడింది. తాతే కైలాసం కారులో బయలుదేరాడు. పొద్దున ఆరింటికి కైలాసం మూత లేపాడు, సలాక ఆనించాడు, కళ్లు మూసుకున్నాడు.

"గట్టిగున్నది, నడువుండ్రి."

ఆ మాటకు అంతయ్య కాళ్లు వాటంతటవే కదిలాయి, బాయిలో కదిలినట్టే.

గోదావరి వంతెన దాటాక బండి ఒకసారి తూలింది. కొంచెం దూరం పోయాక మళ్లీ.

"పెద్దబాపు, బండికి ఎక్కిళ్లు వచ్చినట్టున్నయ్," అంది మంజుల.

ఐలవ్వ వంగి ఆ మాట మళ్లీ చెప్పింది.

"రోడ్డు గట్లున్నది బిడ్డా."

అంతయ్య కిటికీలోంచి చూశాడు. రోడ్డు పరిచిన చాపలా ఉంది.

పెద్దపల్లి దాటేసరికి కారులో పెట్రోలు వాసన మొదలైంది. నిద్రపోతున్న పిల్ల లేచి ఏడుపందుకుంది. అంతయ్య ముందు సీట్ల సందులోంచి పలక వైపు చూశాడు. పసుపు దీపం ఆరింది. హమ్మయ్య అనుకునేలోపు వెలిగింది. ఆరింది. వెలిగింది. అదే ఊపున ఇంజనులోంచి టకటకమని చప్పుడు లేచింది, ఎవరో లోపల చిక్కుకుని బయటికి రావడానికి కొడుతున్నట్టు.

"కైలాసం, దీపం కొట్టుకుంటున్నది! ఆపు!"

కైలాసం తోలుతూనే ఉన్నాడు. వెనక లారీ హారన్ మోగింది, ఒకసారి, రెండుసార్లు, తర్వాత ఆపకుండా. బండి పక్కకు జరగలేదు. లారీ అద్దాన్ని రాసుకుంటూ దాటింది. పక్కన దాని చక్రం కనబడ్డాకే కైలాసం ఉలిక్కిపడ్డాడు. అది అంతసేపూ అరుస్తూనే ఉందని అంతయ్యకు తెలుసు, మంజులకు తెలుసు, చంటిపిల్లకు కూడా తెలుసు.

"ఆపుమంటుండయ్యా, ఆపు!" ఐలవ్వ అతని భుజం పట్టి కుదిపింది.

పత్తిచేను పక్కన, ఎండుగడ్డి మీద బండి ఆగింది. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది, కారంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ ఉంది. కైలాసం సలాక తీసుకుని దిగి ముందుకు నడిచాడు. మంజుల పిల్లను పొదువుకుని చేనులోకి పరుగెత్తింది. అంతయ్య ముందు సీటు మీదికి వంగి తాళంచెవి తిప్పి లాగేశాడు. ఇరవై ఆరేళ్లలో కైలాసం మాట కోసం ఆగకుండా అతను చేసిన మొదటి పని అది.

చప్పుడు ఆగిపోయింది. కారు కింద గడ్డిలోంచి సన్నగా పొగ లేస్తోంది. అంతయ్య దిగి, దారికి తెచ్చుకున్న బుంగలోని నీళ్లు దాని మీద గుమ్మరించాడు, మిగిలినదాన్ని కాలితో తొక్కాడు. లేచి నిలబడ్డాక చూశాడు.

కైలాసం మూత లేపి ఉన్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆగిపోయిన ఇంజను మీద సలాక ఆనించి, చెవి పెట్టి వింటున్నాడు. చాలాసేపు, శ్రద్ధగా, బాయిలో విన్నట్టే విన్నాడు. తర్వాత నడుము ఎత్తాడు.

"గట్టిగున్నది, ఎక్కుండ్రి."

ఎవరూ కదల్లేదు. చేనులో గాలికి పత్తికాయలు గలగలమంటున్నాయి. అంతయ్య ముందుకు వచ్చి తాళంచెవి అతని కళ్ల ముందు పట్టుకున్నాడు.

"బండి ఎప్పుడో బంద్ వెట్టిన కైలాసం. ఏం వింటున్నవ్?"

కైలాసం తాళంచెవిని చూశాడు, అంతయ్య పెదవులను చూశాడు. ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను జెప్తనే ఉన్న అన్నా," అంది. "నాలుగేండ్ల సంది దవాఖానకు నడువుమంటున్న. 'చెవులు వోయినయంటె నా మాట మీద ఎవడు నడుస్తడే' అంటడు. నేను నా నోరు వెట్టుకొని నెట్టుకొస్తున్న."

నాలుగేండ్లు. అంతయ్య మనసులో లెక్క ఒకచోట ఆగిపోయింది. కైలాసం బాయి వదిలి రెండేళ్లే. అంటే చెవులు పోయాక కూడా రెండేళ్లు, షిఫ్టు తర్వాత షిఫ్టు, నలుగురు మనుషులు ఆ మాట విని తలలు వంచి నల్లటి కప్పు కిందికి నడిచారు. అందులో అంతయ్యా ఉన్నాడు. ఆ రెండేళ్లలోనే మంజుల పెళ్లి చేశాడు.

అతను పాత దోస్తుకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, పెదవులు కనబడేటట్టు. ఒక్కో మాటా విడగొట్టి అడిగాడు.

"బాయిల ఆఖరి రెండేండ్లు నువ్వు కప్పు గొట్టి, గట్టిగున్నది నడువుండ్రి అన్నవు గద. నిజం జెప్పు కైలాసం. అప్పుడు నీకు వినవడ్డదా?"

కైలాసం సలాకను రెండు చేతులా పట్టుకున్నాడు.

"లేదు అంతయ్యా. ఏం వినవడలే. గందుకే గద, ముందుగాల నేనే వోయి కింద నిలవడుతుంటి."